తాతగారి డబుల్ బ్యారెల్‌లో ఈనాటి తూటా వేయొచ్చా? విప్పి, చూసి, కొలిచి తేల్చుకునే పద్ధతి

"తూటా చక్కగా లోపలికి వెళ్లింది, తుపాకీ మూసుకుంది. ఇంకేం చూడాలి?"

పాత తుపాకీ చేతికొచ్చిన ఇళ్లలో వినిపించే మాట ఇది. నేనూ అన్నాను. మా తాతగారి పన్నెండు బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి సైజు) జంట గొట్టాల తుపాకీ నాన్నగారి తర్వాత నా లైసెన్సు మీదికి వచ్చిన రోజున, కొత్త పెట్టెలోంచి ఒక తూటా తీసి పెట్టి చూసి, సరిపోయిందని సంబరపడ్డాను. అది ఆ తుపాకీకి సరిపడే తూటా కాదని తెలియడానికి ఒక స్టీలు స్కేలు, ఒక పెద్దాయన ఓపిక కావాల్సి వచ్చాయి.

తూటా లోపల పట్టడం వేరు, ఆ తుపాకీ ఆ తూటాకు తట్టుకోవడం వేరు. మొదటిది చేత్తో తెలుస్తుంది. రెండోది కొలిస్తే గానీ తెలియదు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఇంట్లో మనం చేసుకునే పరీక్షలు "వద్దు" అని మాత్రమే చెప్పగలవు. "సరే, కాల్చుకో" అని చెప్పాల్సింది కొలిచే గేజీలున్న గన్‌స్మిత్, అంటే తుపాకులు బాగుచేసే మనిషి. కింద రాసిన వాటిలో ఏ ఒక్క చోట తేడా కనిపించినా అక్కడితో ఆపేయండి. అన్నీ బాగున్నట్టు కనిపించినా గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇదంతా మధ్యలో విరిచి వెనక నుంచి తూటా పెట్టే తుపాకుల గురించి. మూతి నుంచి మందు కూరే నాటు తుపాకులకు ఇందులో ఏదీ వర్తించదు. కొత్త తూటా విప్పి ఆ మందు నాటు తుపాకీలో పోయడం అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ముందు కాగితాలు

తుపాకీ వారసత్వంగా వస్తుంది గానీ లైసెన్సు రాదు. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలని 1959 ఆయుధాల చట్టం చెబుతోంది. మీ పేరు మీద లైసెన్సు వచ్చాకే దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. లైసెన్సు పుస్తకంలో రాసిన నంబరూ, తుపాకీ మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని కూడా ఈ దశలోనే చూసుకోండి. పాత కాగితాల్లో ఒక అంకె అటూ ఇటూ అయినవి ఉంటాయి. ఆ చిక్కు గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లకముందే తీర్చుకోవడం మంచిది.

ఖాళీ చేసి, విప్పి, తుడవడం

తుపాకీ విరిచి రెండు చాంబర్లూ (గొట్టం వెనక తూటా కూర్చునే చోట్లు) కళ్లతో చూడండి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమండి. ఖాళీగా ఉందని ఇంట్లో ఎవరు చెప్పినా సరే, ఇది చేయాల్సిందే. గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. పిల్లల్ని బయటికి పంపండి.

తర్వాత బ్యారెల్ కిందున్న కర్ర భాగాన్ని దాని గొళ్లెం నొక్కి తీసి, పైమీట పక్కకు తోసి, బ్యారెళ్లను కిందికి వంచి కొక్కెం నుంచి వదిలించండి. తుపాకీ మూడు ముక్కలవుతుంది. బలంగా లాగాల్సి వస్తే ఆగండి, ఎక్కడో పట్టేసి ఉంటుంది. గొళ్లెం విరిగితే ఆ పాత మోడల్‌కి ఇంకోటి దొరకదు.

బ్యారెళ్లను వెలుతురుకేసి పట్టి చూడండి. ఏళ్ల తరబడి మూల నిలబెట్టిన తుపాకుల్లో మట్టిగూడు కట్టే కందిరీగలు కాపురం పెడతాయి. మా బంధువుల ఇంట్లో ఒక తుపాకీ ఎడమ గొట్టంలో మూతి నుంచి నాలుగు వేళ్ల లోతులో ఎండిన బంకమట్టి బిరడాలాగా బిగుసుకుని ఉంది. బయటికి ఏమీ కనిపించలేదు. ఆ స్థితిలో కాలిస్తే ఆ మట్టి దగ్గరే గొట్టం ఉబ్బడమో చీలడమో ఖాయం. అందుకే ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసి నెలల తర్వాత వెనక్కి తెచ్చుకున్న ప్రతిసారీ నేను ముందు బ్యారెల్ విప్పి వెలుతురులో చూస్తాను.

క్లీనింగ్ రాడ్‌కు గుడ్డ చుట్టి, గన్ ఆయిల్‌తో లోపలంతా శుభ్రంగా తుడవండి. పెద్దవాళ్లు పూసిన పాత నూనె గట్టిపడి, తుప్పు గుంటల్ని నింపేసి, గొట్టం నున్నగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అది పోయాకే అసలు రూపం బయటపడుతుంది.

బ్యారెల్ పొట్ట మీద రాసి ఉన్నది చదవడం

విప్పిన బ్యారెళ్లను తిప్పి పట్టుకోండి. వెనక చివర కింద, చదునుగా ఉన్న చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. ఇవే ప్రూఫ్ మార్కులు. ఆ గొట్టంలో మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి ఇచ్చే తూటా పేల్చి, ముందూ వెనకా కొలిచి, తట్టుకుందని ప్రూఫ్ హౌస్, అంటే తుపాకుల్ని పరీక్షించే సంస్థ, వేసిన ముద్రలు. ఒక భూతద్దం, పక్క నుంచి పడే టార్చి వెలుగు ఉంటే చాలు, అరిగిన ముద్రలూ తేలతాయి. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడడం ఇంకా తేలిక.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రెండు బ్యారెళ్ల మధ్య పట్టీ మీద మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ అనో, కలకత్తా ఆర్.బి. రొడ్డా అనో, మాంటన్ అనో అందంగా చెక్కి ఉంటుంది. అది అమ్మిన దుకాణం పేరు. ఎంత పెద్ద పేరైనా గొట్టం బలం గురించి అది ఏమీ చెప్పదు. చెప్పేది పొట్ట మీది ముద్రలే.

వాటిలో ముందు వెతకాల్సింది నైట్రో ముద్ర. పాతకాలపు తుపాకులు నల్లటి పొగమందు కోసం చేసినవి. ఈనాటి తూటాల్లో ఉండేది పొగలేని మందు, దాన్నే నైట్రో అంటారు. దాని ఒత్తిడి తీరు వేరు. చాంబర్ దాటి, గొట్టం గోడ పలచబడే ముందు భాగంలో కూడా అది గట్టిగానే నెడుతుంది. కాబట్టి పొగమందుకే పరీక్షించిన తుపాకీలో ఈనాటి మామూలు తూటా వేయకూడదు. ఇందులో బేరం లేదు.

ఇంగ్లండ్‌లో ప్రూఫ్ హౌసులు రెండు, లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి. లండన్ తుపాకీకి 1904 తర్వాత కత్తి పట్టిన చెయ్యి, దాని కింద ఎన్, పి అక్షరాలు ఉంటే అది నైట్రో ముద్ర. బర్మింగ్‌హామ్‌లో 1904 నుంచి 1954 వరకు కిరీటం కింద ఎన్, పి. 1954 తర్వాత కిరీటం కింద బి, ఎన్, పి. చాలా తుపాకుల మీద "నైట్రో ప్రూఫ్" అని పూర్తి మాటల్లోనే ఉంటుంది. కత్తెరలాగా అడ్డంగా వేసిన రెండు రాజదండాలు మాత్రమే ఉండి, నైట్రో మాట ఎక్కడా లేకపోతే అది 1904కి ముందు బర్మింగ్‌హామ్‌లో పొగమందుకు పరీక్షించిన గొట్టం.

మన ఇళ్లలో బెల్జియం తుపాకులూ ఉంటాయి. గుడ్డు ఆకారంలో ఇ, ఎల్, జి అక్షరాలుంటే లీజ్ నగరం ప్రూఫ్ హౌస్. అది ఒక్కటే ఉంటే సరిపోదు. సింహం బొమ్మ కింద పి, వి అక్షరాలుంటే పొగలేని మందుకు పరీక్షించినట్టు. మా తాతగారి తుపాకీ మీద ఆ సింహం బియ్యపుగింజంత ఉంది. మొదటి రెండు సార్లు దాన్ని గీత అనుకుని వదిలేశాను. జర్మన్ తుపాకుల్లో కిరీటం కింద ఎన్ అక్షరం కోసం చూడండి.

ముద్ర దొరికాక దాని చుట్టూ ఉన్న అంకెల్ని చదవాలి. బ్రిటిష్ తుపాకుల్లో డైమండ్ గీతల మధ్య 12, దాని కింద సి అక్షరం కనిపిస్తుంది. అది పన్నెండు బోర్ అనీ, చాంబర్ మూడంగుళాల లోపు అనీ మాత్రమే చెబుతుంది. రెండున్నర అంగుళాలా, రెండుముప్పావా అన్నది చెప్పదు. ఆ పొడవును స్పష్టంగా వేయడం 1925 నిబంధనలతో మొదలైంది. 1954 తర్వాతి బ్రిటిష్ ముద్రల్లో ఒత్తిడిని చెప్పే టన్నులుంటాయి. రెండున్నర అంగుళాల చాంబర్‌కు సాధారణంగా 3 టన్నులు, రెండుముప్పావుకు మూడుంపావు, మూడంగుళాల మాగ్నమ్‌కు (ఎక్కువ బలమైన తూటా వేసే తుపాకీకి) 4. ఈ టన్నుల్ని లెక్కగట్టి ఈనాటి తూటా పెట్టె మీది బార్లతో (ఇదీ ఒత్తిడి కొలతే) పోల్చకండి. ఆ రోజుల్లో సీసపు ముక్క ఎంత నలిగిందో చూసి కొలిచేవారు, ఇప్పటి పద్ధతి వేరు. రెండు అంకెలూ ఒక తక్కెడలో తూగవు. 1989 నిబంధనలతో బ్రిటన్ ముద్రల్లో బార్లే వచ్చాయి, అప్పట్లో మామూలు తుపాకీకి 850, మాగ్నమ్‌కు 1200. అవి పరీక్షలో వాడిన ఒత్తిడి, రోజూ వేసే తూటా ఒత్తిడి కాదు.

"నాట్ ఫర్ బాల్" అని ఉంటే 1875 నుంచి 1887 మధ్య ముద్ర పడిన చోక్ గొట్టం. అంటే మూతి దగ్గర సన్నబడుతుంది, ఒంటి సీసపు గుండు అందులోంచి కాల్చకూడదు. మన దగ్గర గుండు తూటాలు కూడా వాడతారు కాబట్టి ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి.

ముద్రలే లేకపోతే? అమెరికాలో ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ లేదు, కంపెనీలే పరీక్షించుకుంటాయి. అందుకే పాత అమెరికన్ తుపాకీ పొట్ట ఖాళీగా ఉండొచ్చు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో ఎవరైనా పాత పదహారు బోర్ తుపాకీ కొంటే, వాటిలో ఈనాటి 70 మి.మీ. కంటే పొట్టి చాంబర్లున్నవి ఉన్నాయని గమనించండి. ఇంగ్లండ్, బెల్జియం తుపాకీ అని చెప్పినదానికి ముద్రలు లేకపోయినా, అరగదీసినట్టు కనిపించినా, గోడకు తగిలించడానికే తప్ప ఎందుకూ పనికిరాదని నా అభిప్రాయం.

చాంబర్ పొడవు: ప్రమాదం దాక్కునే చోటు

ఈ ఒక్క భాగం కోసమే ఇదంతా రాయాలనిపించింది.

తూటా పెట్టె మీద 70 (మి.మీ.) అనో, రెండుముప్పావు అంగుళాలు అనో ఉంటుంది. పెట్టెలోంచి తూటా తీసి స్కేలు పెడితే మాత్రం 58 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. మిగిలిన పొడవు ఏమైంది? తూటా మూతి నక్షత్రంలాగా మడత పెట్టి ఉంటుంది కదా, ఆ మడతలో ఉంది. పేలినప్పుడు ఆ రేకులు విచ్చుకుని ముందుకు చాచుకుంటాయి. పెట్టె మీద రాసేది అలా విచ్చుకున్న తర్వాతి పొడవు.

ఇప్పుడు దాన్ని 65 మి.మీ. చాంబర్‌లో ఊహించుకోండి. పెట్టేటప్పుడు హాయిగా వెళుతుంది, ఇంకా ఖాళీ కూడా మిగులుతుంది. పేలగానే విచ్చుకున్న రేకులు చాంబర్ దాటి, ముందున్న గరాటులాంటి ఇరుకు భాగంలోకి చొచ్చుకుపోతాయి. చాంబర్ ముందు కొస 20.3 మి.మీ. వెడల్పుంటే, గొట్టం 18.5 మాత్రమే. సీసపు గుళ్లు, వాటి వెనక డాట్టు (మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిరడా), అన్నీ ఆ ఇరుకులో ప్లాస్టిక్ రేకుల మధ్య నుంచి దూసుకుపోవాలి. దారి ఇరుకైతే ఒత్తిడి పెరుగుతుంది. ఆ రోజు గొట్టం పగలకపోవచ్చు. అందుకే "ఎన్నేళ్లుగానో ఇదే వేస్తున్నాం, ఏం కాలేదు" అనే మాట వింటే నాకు టెన్షన్ వస్తుంది. ప్రతి దెబ్బకూ కొక్కేలు కొంచెం వదులవుతాయి, కర్ర కొంచెం చీలుతుంది, గోడ అలసిపోతుంది.

మా తుపాకీ విషయంలో జరిగింది ఇదే. క్లబ్బులో నాకంటే ముప్పై ఏళ్లు పెద్దాయన ఒకరు, "బాబూ, నువ్వు కాల్చిన ఖాళీ డొప్ప ఒకటి ఇలా ఇవ్వు" అన్నారు. బల్ల మీద పేలని తూటా, పేలిన డొప్ప పక్కపక్కన పెట్టారు. డొప్ప వేలి వెడల్పంత ఎక్కువ పొడుగ్గా ఉంది. దాని అంచు పట్టుకుని నా బొటనవేలి మీద రుద్దారు. ప్లాస్టిక్ అంచు పలచబడి, పీచు లేచి, మసితో నల్లగా ఉంది. "ఇది ఇరుకులో నలిగొచ్చిన అంచు" అన్నారు. మీ దగ్గర పాత డొప్పలుంటే ముందు ఇదే చూడండి. అంచు శుభ్రంగా ఉంటే తప్పు లేదని కాదు, పీచు లేచి ఉంటే మాత్రం తప్పు ఉన్నట్టే అనుకోండి.

ఇంట్లో కొలిచే తీరు ఇది. సన్నటి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసుకుని చాంబర్ గోడకు ఆనించి నెమ్మదిగా లోపలికి తోయండి. చాంబర్ అయిపోయి ఇరుకు మొదలయ్యే చోట స్కేలు కొస చిన్నగా తట్టుకుంటుంది. అక్కడ ఆపి, బ్యారెల్ వెనక అంచు దగ్గర అంకె చదవండి. మూడు వైపుల నుంచి ఇలాగే చేయండి. ముందు వైపు నుంచి టార్చి వేసి వెనక నుంచి చూస్తే ఆ ఇరుకు మొదలు సన్నటి నీడ ఉంగరంలాగా కనిపిస్తుంది. 63 నుంచి 65 మధ్య వస్తే పొట్టి చాంబర్, 70 దగ్గర వస్తే మామూలుది. మధ్యలో ఎక్కడైనా వస్తే పొట్టిదే అనుకోండి. కొన్ని గొట్టాల్లో ఇరుకు చాలా వాలుగా ఉండి స్కేలుకు తగలదు. ఖచ్చితమైన మాట చెప్పేది గన్‌స్మిత్ దగ్గరుండే చాంబర్ గేజీ ఒక్కటే. రెండు గొట్టాలనూ విడిగా కొలిపించండి, ఎవరో ఎప్పుడో ఒకదాన్ని మాత్రమే తొలిపించి ఉండొచ్చు.

"చాంబర్ తొలిచి 70 చేసేద్దాం" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. లోహం తీసేది గొట్టానికి అత్యంత బలం కావాల్సిన చోట. తొలిచాక పాత ప్రూఫ్ ముద్రకు విలువ ఉండదు. పైగా తుపాకీ రిపేరు లైసెన్సున్నవాళ్లే చేయాలని చట్టం.

బ్యారెల్ లోపలా బయటా

తుడిచిన గొట్టాన్ని ట్యూబ్‌లైట్ కేసి పట్టి, వెనక నుంచి కన్ను పెట్టి మెల్లగా తిప్పండి. లోపల వెలుగు ఉంగరాలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా కనిపించాలి. ఎక్కడైనా ఉంగరం వంకరపోతే అక్కడ సొట్ట. గుండ్రంగానే ఉన్నా నల్లటి చార ఉంగరంలాగా కనిపిస్తే అక్కడ ఉబ్బు, ఎప్పుడో ఏదో అడ్డుపడి పేలిందన్నమాట. తర్వాత కళ్లు మూసుకుని, బయట వేళ్లతో చివరి దాకా నిమరండి. కంటికి దొరకని ఉబ్బు వేలికి దొరుకుతుంది. లోపల ఉప్పు చల్లినట్టున్న చిన్న గుంటలు తుప్పు మచ్చలు. చాంబర్ ముందు భాగంలో లోతైన గుంటలుంటే అది పెద్ద తప్పు. మధ్యలో పైపైన ఉంటే గన్‌స్మిత్ తేల్చాలి. గుంటలు అరగదీసి నున్నగా చేయించడం వల్ల గోడ ఇంకా పలచనవుతుంది. పాత తుపాకీ లోపల అద్దంలాగా మెరుస్తుంటే నాకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువ.

ఇప్పుడు బ్యారెళ్ల జతను కొక్కెం దగ్గర దారం కట్టి వేలాడదీసి, చెక్క పుల్లతో తేలిగ్గా తట్టండి. గుడి గంటలాగా మోగి కాసేపు నిలిస్తే రెండు గొట్టాల మధ్య పట్టీల అతుకు గట్టిగా ఉన్నట్టు. చచ్చుగా "టప్" మంటే అతుకు ఎక్కడో వదిలింది, లోపల తేమ చేరి తినేస్తూ ఉంటుంది.

బ్యారెల్ మీద పాము చర్మంలాంటి, చెక్క నరాల్లాంటి మెలికల డిజైన్ కనిపిస్తే అది డమాస్కస్ కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికిన గొట్టం అది. చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో! అతుకుల మధ్య లోపలే తుప్పు పట్టి ఉంటే బయటి నుంచి ఏ కంటికీ కనిపించదు. ఇంగ్లండ్‌లో నైట్రో పరీక్ష నెగ్గిన డమాస్కస్ గొట్టాలున్న మాట నిజమే. మామూలు ఉక్కు మీద డమాస్కస్ బొమ్మ అచ్చు వేసినవీ ఉన్నాయి. ఆ తేడా తేల్చడం మనవల్ల కాదు. డమాస్కస్ అని అనుమానం వస్తే కాల్చొద్దు, నూనె రాసి దాచుకోండి.

గన్‌స్మిత్ చేతిలో రెండు కొలతలు

మొదటిది గొట్టం లోపలి వ్యాసం. వెనక నుంచి 9 అంగుళాల లోతులో కొలవమనండి, ప్రూఫ్ హౌసులు కొలిచేది అక్కడే. పాత బ్రిటిష్ ముద్రల్లో 12 అంటే .729 అంగుళం, 13/1 అంటే .719, 13 అంటే .710. మీ గొట్టం ముద్ర 13/1 అయ్యుండి, ఇప్పుడు కొలిస్తే .729 వస్తే, ఇన్నేళ్లలో అరిగి, అరగదీసి, వెయ్యిలో పది వంతుల అంగుళం పెరిగిందన్నమాట. అంత పెరిగిన గొట్టం ప్రూఫ్ దాటిపోయినట్టే, ముద్ర ఉన్నా లేనట్టే. బెల్జియం ముద్రల్లో ఇది నేరుగా మిల్లీమీటర్లలో ఉంటుంది.

రెండోది గోడ మందం. ఇది ముద్రల్లో ఉండదు, ప్రూఫ్ హౌస్ కూడా దీనికి కనీసం ఇంత అని పట్టుబట్టదు. దాంతో ముద్ర బాగున్న తుపాకీ గోడ కూడా కాగితంలా ఉండొచ్చు. పన్నెండు బోర్‌కు అతి పలచని చోట కూడా .020 అంగుళం, అంటే అర మిల్లీమీటరు, ఉండాలన్నది ఆ పనిలో ఉన్నవాళ్లు పాటించే హద్దు. చాంబర్ ముందు ఇంకా చాలా మందంగా ఉండాలి. పలచని చోటు సాధారణంగా మూతికి జానెడు, జానెడున్నర వెనక ఉంటుంది, ఎడమచెయ్యి పట్టుకునే చోటికి మరీ దూరం కాదు. దీనికి మామూలు వెర్నియర్ కాలిపర్ పనికిరాదు, పొడవాటి ప్రత్యేక గేజీ కావాలి. ఆ గేజీ లేని షాపు వాళ్లు "చూస్తే తెలుస్తుందండీ" అంటే దండం పెట్టి ఇంకో చోటికి వెళ్లండి.

బిగింపు, ట్రిగ్గర్లు

బ్యారెళ్లు తిరిగి అమర్చండి, కింది కర్ర భాగం మాత్రం పెట్టకండి. దాని స్ప్రింగు వదులుతనాన్ని దాచేస్తుంది. కర్ర పట్టుకుని బ్యారెళ్లను పక్కలకూ, పైకీ కిందికీ ఊపండి. "టిక్ టిక్" మని ఆడితే కొక్కేలు అరిగాయి. బ్యారెల్ వెనక అంచుకూ ఎదురు గోడకూ మధ్య టార్చి వెలుగు దూరితే, ఆ సందులోకి తూటా అడుగు ఉబ్బుతుంది, వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు. పైమీట మధ్య గీతకు కొంచెం కుడిగా నిలవడం మంచిదే. మధ్య గీత దాటి ఎడమకు వెళ్తే అరుగుదల హద్దు దాటింది.

ట్రిగ్గర్ల పని ఖాళీ చాంబర్లలో చూడకండి, డమ్మీ తూటాలు పెట్టి చూడండి. రెండూ ఎక్కించి, సేఫ్టీ తీసి, తుపాకీ మడమను (భుజానికి ఆనే చివరను) రబ్బరు చాప మీద మెల్లగా తట్టండి. లోపలి సుత్తి ఏదైనా దానంతటదే పడితే అంతే, రిపేరు అయ్యేదాకా ముట్టుకోవద్దు. ఒకటి లాగితే రెండోది కూడా పడుతుందేమో కూడా చూడండి. బయట సుత్తులున్న పాత తుపాకీలైతే, వదిలాక సుత్తి తనంతట తాను కొద్దిగా వెనక్కి వస్తోందా చూడాలి. రాకపోతే ఫైరింగ్ పిన్ను తూటా వెనక ఆనుకునే ఉంటుంది. ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టుకునే సన్నటి చోట కర్రలో నెర్రలు కూడా ఈ చేత్తోనే చూసేయండి.

తూటా ఎంచుకోవడం

ఇదంతా నెగ్గి, గన్‌స్మిత్ సరేనన్నాకే తూటా సంగతి. పొడవు చాంబర్‌ను మించకూడదు, ఇది మొదటి షరతు. గుళ్ల బరువు తక్కువ ఉన్నదే తీసుకోండి. పొట్టి చాంబర్ పన్నెండు బోర్ తుపాకులు 30 గ్రాముల లోపు బరువుకే తయారైనవి, 24, 28 గ్రాముల తూటాలు పాత తుపాకీకీ మీ భుజానికీ హాయి. యూరప్ ప్రమాణం ప్రకారం మామూలు పన్నెండు బోర్ తూటా గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు, హై పెర్ఫార్మెన్స్ అని రాసిన తూటాకు 1050. కారు టైరులో ఉండేది రెండుంపావు బార్లే. ఆ 740 కూడా ఎంత పెద్ద అంకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మాగ్నమ్, హై పెర్ఫార్మెన్స్ అన్న మాటలున్న పెట్టె పాత తుపాకీ దగ్గరికే రానివ్వకండి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఉక్కు గుళ్ల తూటాలు కూడా పాత గొట్టాల్లో వాడకండి, సీసంలాగా అవి నలగవు, చోక్ దగ్గర గొట్టాన్ని ఉబ్బిస్తాయి.

ఇంట్లో వేరే బోర్ తుపాకీ కూడా ఉంటే, రెండు రకాల తూటాలూ ఒకే సంచిలో వేయొద్దు. ఇరవై బోర్ తూటా పన్నెండు బోర్ చాంబర్‌లో వేస్తే జారి ముందుకెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. పేలలేదేమని దాని వెనక పన్నెండు బోర్ తూటా పెట్టి కాలిస్తే, ఎడమ చెయ్యి ఉండే చోటే గొట్టం పగులుతుంది. ఇరవై బోర్ తూటాలు పసుపు రంగులో చేసేది ఇందుకే.

తాతగారి పెట్టెలో దొరికిన కాగితపు తూటాలు, పచ్చబడిన ఇత్తడి తూటాలు జ్ఞాపకంగా కూడా పేల్చొద్దు. వాటిని డీలర్‌కో, పోలీసులకో అప్పగించండి.

చెట్టుకు కట్టి తాడుతో లాగడం

"అనుమానం ఉంటే చెట్టుకు కట్టి, దూరం నుంచి తాడుతో లాగి చూస్తే సరి" అని మా ఊళ్లో కూడా చెప్పారు. దయచేసి ఇది చేయకండి. మామూలు తూటా ఒకటి పేలి గొట్టం పగలకపోవడం పరీక్ష కాదు. ప్రూఫ్ హౌస్‌లో మామూలు గరిష్ఠ ఒత్తిడి కంటే దాదాపు 30 శాతం ఎక్కువ ఇచ్చే తూటా పేల్చి, తర్వాత మళ్లీ వ్యాసం కొలిచి, వెంట్రుకంత సాగినా తిప్పి పంపేస్తారు. చెట్టు దగ్గర మీరు ఏం కొలుస్తారు? మొదటి పేలుడుకు సాగిన గొట్టం, ధైర్యం వచ్చి భుజానికి ఆనించిన మూడోసారో నాలుగోసారో పగులుతుంది. పొలంలో ఇలా కాల్చడం వల్ల కేసు కూడా మీద పడొచ్చు. అన్నీ నెగ్గిన తుపాకీని కాల్చి చూడాలన్నా రైఫిల్ క్లబ్బు రేంజిలోనే.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లినప్పుడు మాట తీసుకుని వచ్చేయకండి, కొలతలు కాగితం మీద రాయించుకోండి. రెండు చాంబర్ల పొడవు, 9 అంగుళాల దగ్గర రెండు వ్యాసాలు, రెండు గొట్టాల అతి పలచని మందం, బిగింపు ఎలా ఉంది, ఏ పొడవు ఎంత బరువు తూటా వరకు వాడొచ్చు. ఏ ముద్రను చూసి ఆ మాట చెబుతున్నారో వేలుపెట్టి చూపించమనండి. పని తెలిసినాయన విసుక్కోరు, సంతోషంగా చూపిస్తారు.

మా తుపాకీ కాగితం దాని పెట్టె మూత లోపల అంటించి ఉంది. రెండు చాంబర్లూ 65. కుడి గొట్టం మందం హద్దుకు పైన, ఎడమది హద్దుకు మరీ దగ్గర. 65 తూటాలు చేతికొచ్చేదాకా ఏడు నెలలు దాన్ని కాల్చలేదు. ఇప్పటికీ కుడి గొట్టంలోనే వేస్తాను. ఎడమ చాంబర్‌లో ఎర్ర దారం కట్టిన డమ్మీ తూటా ఉంటుంది, నా తర్వాత ఎవరు తెరిచినా ముందు అది కనిపించాలని.